రాయి సీటులో బ్రేకుల వహాబ్

ఐదు నెలల్లో మూడోసారి వెంకటన్న కారు అబ్దుల్ వహాబ్ షెడ్డు ముందు ఆగింది. ఆగింది అనడం మర్యాదకి. ఆ షెడ్డు ముందు రోడ్డుకు అడ్డంగా వహాబ్ గీసుకున్న సున్నం గీత ఒకటుంది. ఏ బండి బ్రేకు బాగుచేసినా మలుపు దగ్గర్నుంచి తనే నడుపుకుంటూ వచ్చి, కరెంటు స్తంభం దగ్గర పెడలు తొక్కి, ఆ గీతకు ఇవతల నిలబెట్టి చూపించిగాని తాళంచెవి చేతికివ్వడు. వెంకటన్న కారు ఆ రోజు గీత దాటింది, షెడ్డు దాటింది, పక్క సిమెంటు దుకాణం ముందు వెంకటన్న పెడలును రోకలితో దంచినట్టు మూడుసార్లు దంచితే అప్పుడు నిలబడింది.

"ఉస్తాద్! నీ బ్రేకు మల్ల పండుకున్నది," అన్నాడు వెంకటన్న దిగుతూనే.

"నా బ్రేకు ఏందిరా? బండి నీది, బ్రేకు నీది."

"చేసిన చెయ్యి నీది గదా!"

వహాబ్‌కు చురుక్కుమంది. అది చాలదన్నట్టు షెడ్డులో పాత టైరు మీద దేవదాసు కూర్చుని ఉన్నాడు. వెంకటన్నలాగే వాడూ నాగర్‌కర్నూల్ స్టాండులోనే, మనిషికింత అని ఎక్కించుకునే సర్వీసు కారు నడుపుతాడు. తన బండి పని అయ్యేదాకా ఊరి ముచ్చట్లన్నీ నమలడం వాడి అలవాటు.

"స్టాండుల గూడ అదే అనుకుంటున్నరు సాబ్," అన్నాడు దేవదాసు. "నేనంటలేను, వాళ్ళంటున్నరు. కండ్లద్దాలు వచ్చినంక ఉస్తాద్ చెయ్యి జారిందని."

"ఎవడంటుండు?"

"అందరంటున్నరు. నేనొక్కన్నే అంటలేను."

"నువ్వు అనకుంటే నీ నోట్లకెల్లి ఎట్ల వచ్చిందిరా ఆ మాట?"

దేవదాసు నవ్వాడు. వహాబ్ నవ్వలేదు. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలను మోచేత్తో పైకి తోసుకున్నాడు. వాటి ముచ్చట రాగానే అవి జారడం ఇంకా ఒళ్ళు మండించింది.

ఇది 2006 నాటి సంగతి. వహాబ్‌కు అప్పటికి యాభై రెండు. పదహారో ఏట కర్నూలులో లారీల షెడ్డులో పానా పట్టాడు. సొంత ఊరొచ్చి వనపర్తి రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని ఇరవై ఆరేళ్ళయింది. ఇంజను పనికి ఎవరైనా వస్తే పక్క షెడ్డు చూపిస్తాడు. క్లచ్చు అంటే అదీ పక్క షెడ్డే. బ్రేకు ఒక్కటే పట్టుకుంటాడు. "బండి నడవకుంటే మనిషి ఇంట్ల కూసుంటడు. ఆగకుంటే ఏడ కూసుంటడు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఇంతవరకూ లేడు. బ్రేకుల వహాబ్ అన్న పేరు అట్లా వచ్చింది. ఇప్పుడా పేరు ఒక్క కారు వెనక చక్రాల్లో ఇరుక్కుని కూర్చుంది.

విసుగ్గానే జాకీ అందుకున్నాడు. ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాడు. వెనక భాగం ఎత్తి, కింద మొద్దులు ఆనించాడు. కుడి చక్రం ఊడదీసి, కొయ్య సుత్తితో డ్రమ్మును చుట్టూ చిన్నగా తట్టాడు. ఇనుప సుత్తి వాడడు. తొందరపడి ఇనుముతో కొట్టిన డ్రమ్ము జన్మంతా కూస్తూనే ఉంటుందని అతని నమ్మకం. రెండు పక్కలా ఒకేసారి విప్పడు కూడా. ఒక పక్క విప్పినప్పుడు రెండో పక్క విప్పకుండా ఉంటే, ఏ స్ప్రింగు ఏ కొక్కెంలో ఉండాలో అదే చూపిస్తుంది. లోపలి దుమ్మును నోటితో ఊదడు. తడిగుడ్డతో తుడుస్తాడు. ఊదిన ఉస్తాదులు కర్నూలులో ఎట్లా దగ్గి దగ్గి పోయారో కళ్ళారా చూసినవాడు.

వెనక డ్రమ్ము అంటే బోర్లించిన గిన్నె లాంటిది. లోపల అర్ధచంద్రాల్లాంటి రెండు షూలుంటాయి. పెడలు తొక్కితే అవి విచ్చుకుని గిన్నె గోడను ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది. ఒరిసి ఒరిసి షూల మీది లైనరు అరుగుతుంది. గోడకూ షూకూ నడుమ సందు పెరుగుతుంది. సందు పెరిగేకొద్దీ పెడలు నేలకు దిగుతుంది. ఆ సందును ఎప్పటికప్పుడు పూడ్చడానికి లోపల పండ్ల చక్రమున్న చిన్న మర ఒకటి ఉంటుంది. దాన్ని అడ్జస్టర్ అంటారు.

వహాబ్ కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. లైనరు మందంగానే ఉంది. వీల్ సిలిండరు రబ్బరు ఎత్తి చూశాడు, లోపల పొడిగా ఉంది. బ్రేక్ ఆయిల్ చుక్క కారలేదు. స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి. పోయినసారి అనుమానం వచ్చి, అంతా బిగించాక వెనక రేకు రంధ్రంలోంచి అడ్జస్టర్ మీద ఒక పన్నుకు తెల్లరంగు చుక్క పెట్టాడు. ఆ చుక్క పెట్టినచోట పెట్టినట్టే ఉంది. రెండు నెలలు బండి తిరిగింది, లైనరు అరిగింది, సందు పెరిగింది, అడ్జస్టర్ మాత్రం ఒక్క పన్ను జరగలేదు. ఎడమ పక్క కూడా అంతే.

వేలితో తిప్పి చూశాడు. వెన్నలా తిరిగింది.

"దీని తల్లి..." అని ఆగాడు. బండిని తిట్టాలా, తనను తిట్టుకోవాలా తేలలేదు. మొదటిసారి ఇదే కథ అయితే దుమ్ము పట్టిందనుకుని శుభ్రం చేశాడు. రెండోసారి అడ్జస్టర్లే కొత్తవి వేశాడు. మూడోసారీ ఇదే. మంచి సామాను, మంచి పని, చెడ్డ బ్రేకు. ఇక మిగిలింది తన చెయ్యే.

షూలను ఎమరీ కాగితంతో రుద్దాడు. షూ కదిలే చోట్ల మాత్రం గోటితో గీకినంత గ్రీజు పెట్టాడు. అంతా బిగించాక డ్రైవరు సీట్లో కూర్చుని హ్యాండ్ బ్రేకును పన్నెండు సార్లు పైకి గుంజాడు. ఈ కారులో అడ్జస్టర్ జరిగేది హ్యాండ్ బ్రేకు గుంజితేనే. గుంజిన ప్రతిసారీ లోపల టిక్కుమని ఒక పన్ను జరుగుతుంది. సందు పూడాక టిక్కు ఆగుతుంది. తల వంచి, నాడి చూసే హకీములా ఆ టిక్కులు విన్నాడు. పదకొండోసారికి చప్పుడు ఆగింది. వెనక రేకు రంధ్రంలోంచి పాత చుక్క తుడిచి, మళ్ళీ కొత్త చుక్క పెట్టాడు. బ్రేకు గొట్టాల్లో చేరిన ఎయిర్ తీశాడు. మలుపు దాకా పోయి వచ్చి తొక్కితే కారు గీతకు జానెడు ఇవతల బుద్ధిగా నిలబడింది.

"చూసినవా?" అన్నాడు వెంకటన్నతో.

"నీ ముందల బాగనే ఆగుతది ఉస్తాద్. బడిపంతులు ముందల పిలగాని లెక్క," అని వెంకటన్న బండెక్కి పోయాడు.

*

సాయంత్రం అన్నం ముందు కూర్చుని వహాబ్ భార్యతో చెప్పేశాడు. "ఈ తాప గూడ గట్లనే అయితే షట్టరు దించుత."

కుల్సుమ్‌బీ సర్కారు దవాఖానలో ఆయా. వీళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలోనే అయినా, ఆమె మాటకున్న కారం ఏ భాషలోకి తెచ్చినా తగ్గదు.

"దించి ఏం జేస్తవ్? ఇంట్ల కూసుని నా బ్రేకులు సూస్తవా?"

"నవ్వులాట గాదు. చేతి మీద అనుమానం వచ్చినోడు బ్రేకు పట్టొద్దు. బండిల పదిమంది ఉంటరు."

ఆమె నవ్వు ఆపింది. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఈ మాట అనడం ఇదే మొదలు. కాసేపు గిన్నెలు సర్ది, తర్వాత అంది: "మా దవాఖానకు చక్కెర బీమారోళ్ళు దినాం వస్తరు. తీపి ముట్టలేదు డాక్టరమ్మా అని ఒట్టు పెట్టుకుంటరు. మంచం మీద పండవెట్టి ఎన్నిసార్లు సూస్తే ఏం తెలుస్తది? ఇంటికి పోయి గూట్ల చెయ్యి పెడితే బెల్లం దొరుకుతది. నువ్వు ఆ బండిని ఎప్పుడు సూసినా షెడ్డులనే సూస్తవ్. దాని ఇల్లు రోడ్డు. పోయి ఆడ సూడు."

"బ్రేకుకు చక్కెర బీమారికి ఏం సంబంధం?"

"ఏం లేదు. రెంటిల గూడ మొగోళ్ళు అబద్ధమే చెప్తరు."

వహాబ్ చెయ్యి కడుక్కుని లేచాడు. ఒప్పుకున్నట్టు కాదు. కానీ పొద్దున ఏడింటికి స్టాండులో ఉన్నాడు.

*

వెంకటన్న కారు గద్వాలకు సిద్ధంగా ఉంది. ఉస్తాద్‌ను చూడగానే వెంకటన్న ముఖం, హెడ్మాస్టరు ఇంటికి వచ్చినప్పుడు పిల్లవాడి ముఖంలా అయింది.

"నువ్వెందుకు ఉస్తాద్? బండి బాగనే ఉన్నది గదా."

"గద్వాలకు పనున్నది."

"ముందటి సీట్లు నిండినయ్. రేపు పోరాదు?"

"ఏడనో ఒకచోట కూసుంట."

చోటు ఒక్కటే మిగిలి ఉంది. అన్నిటికన్నా వెనక, డిక్కీ తలుపు పక్కన. ఎవరూ కావాలని కూర్చోరక్కడ. వహాబ్ ఒదిగి కూర్చుంటే కాళ్ళ దగ్గర ఏదో అడ్డం తగిలింది. వంగి చూస్తే నల్లరాయి. రోలు పొత్రమంత ఉంది. పోయిన దసరా నాటి పసుపు, కుంకుమ బొట్టు ఇంకా అంటుకుని ఉంది. సామాను జారకుండా పెట్టాడేమో అనుకున్నాడు. మూడు వరసల ఆ పెద్ద కారు పదకొండు మందితో కదిలింది.

బిజినేపల్లిలో ఎవరో దిగాలి. కారు రోడ్డు పక్క వాలులో ఆగింది.

"రాయి!" అని కేకేశాడు వెంకటన్న.

వహాబ్ ఇటూ అటూ చూశాడు.

"ఉస్తాద్, జర రాయి!"

"ఏం రాయి?"

ముందు సీట్ల నడుమ నుంచి ఒక ముసలి గొంతు లేచింది. ఎండుచేపలమ్మే ఈరమ్మది. గద్వాల సంతకు ఖాళీ గంపతో పోతోంది. గంప ఖాళీయే గాని వాసన నిండుగానే ఉంది. "ఏం రాయంటవేంది సాబూ? నీ కాళ్ళకాడ ఉన్నది గదా! రాయి సీట్ల కూసున్నోడే రాయి పెట్టాలె! బిరాన దిగు, బండి ఎనకకు పోతున్నది!"

నిజంగానే పోతోంది; రాయి పడుతుందన్న ధీమాతో వెంకటన్న పెడలు మీంచి కాలు తీసేశాడు. వహాబ్ ఆలోచించే వ్యవధి లేక తలుపు తోసుకుని దూకి, రాయి ఎత్తి వెనక చక్రం కింద తోశాడు. చక్రం రాయి మీదికి ఒరిగి నిలబడింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. "రాయి తియ్యి ఉస్తాద్!" తీశాడు. అతను ఎక్కేలోపే కారు కదలబోయింది. పరుగెత్తి ఎక్కాడు.

కూర్చుని, ఊపిరి తీసుకుని, అప్పుడు ఆలోచించాడు. ఇరవై ఆరేళ్ళు బ్రేకులు చేసి, తను చేసిన బండికి తనే రాయి పెట్టాడు.

"అరే వెంకటా! హ్యాండ్ బ్రేకు గుంజుకోరాదురా?" అని అరిచాడు వెనక నుంచి.

"ఎట్ల గుంజుతడు సాబూ? నేను కూసున్న గదా దాని మీద!" అని అరిచింది ఈరమ్మ ముందు నుంచి.

బండిలో అందరూ నవ్వారు. వహాబ్ మెడ సాచి సీట్ల సందులోంచి చూశాడు. డ్రైవరుకూ పక్క సీటుకూ నడుమ హ్యాండ్ బ్రేకు ఉండాల్సిన చోట దుప్పటి మడిచి, పైన పాత దిండు వేసి, తాడుతో కట్టి, ఒక సీటు తయారుచేశాడు వెంకటన్న. దాని మీద ఈరమ్మ సింహాసనమెక్కినట్టు కూర్చుని ఉంది. షెడ్డుకు వచ్చేముందు ఆ దిండూ దుప్పటీ విప్పి ఎక్కడ దాచేవాడో దేవుడికెరుక.

కుల్సుమ్‌బీ చెప్పిన గూట్లో బెల్లం అదే.

వెంటనే బండి ఆపించి కొట్లాడదామనుకున్నాడు గాని, మిగిలిన తొమ్మిది మందికీ పనులున్నాయి. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. బండి మాత్రం ఊరుకోనివ్వలేదు. వనపర్తిలో రాయి. వనపర్తి దాటాక దర్గా మలుపు దగ్గర రాయి. పెబ్బేరులో రెండుసార్లు రాయి. పెద్దరోడ్డెక్కాక, కూలీలు ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ రాయి. బీచుపల్లి చేరేలోపు పదకొండుసార్లు పెట్టాడు, పదకొండుసార్లు తీశాడు. నాలుగోసారికి లుంగీకి నల్ల మరక అంటింది. ఏడోసారి వేలు నలిగింది. తొమ్మిదోసారి రాయి తిరగబడితే అడుగున ఎర్రరంగు చుక్క కనిపించింది. దాన్ని ఎక్కడో చూశాననిపించింది గాని, "సాబూ, తీస్తవా, ఆడనే సంసారం పెడ్తవా?" అని ఈరమ్మ తొందరపెట్టడంతో ఎత్తుకుని ఎక్కాడు.

*

బీచుపల్లిలో ఆంజనేయస్వామికి దండం పెట్టుకోవడానికి ఏ బండైనా పది నిమిషాలు ఆగుతుంది. గుడి పక్క నుంచి కృష్ణలోకి దిగే వాలు బాటలో, వెనక చక్రాలు నది వైపుండేలా కారును ఆపాడు వెంకటన్న. వహాబ్ పన్నెండోసారి రాయి పెట్టాడు. జనం దిగి గుడి వైపు పోయారు. ఈరమ్మ మాత్రం గంప ఎవరికీ అప్పజెప్పే నమ్మకం లేక కారు పక్కనే నిలబడింది.

"దిగు," అన్నాడు వహాబ్.

వెంకటన్న దిగాడు.

"ఐదు నెలల నుంచి నన్ను దొంగను చేసినవ్ గదరా! లోపల అడ్జస్టర్ జరిగేదే హ్యాండ్ బ్రేకు గుంజితే! నువ్వు గుంజవు. అది జరగదు. పెడలు దిగుతది. నువ్వొచ్చి ఉస్తాద్ చెయ్యి జారిందంటవ్. దాని మీద ముసలమ్మను కూసోవెట్టి నా పేరు మీద గూడ కూసోవెట్టినవ్ గదరా!"

"నన్నెందుకు మధ్యల ఇరికిస్తవ్ సాబూ?" అంది ఈరమ్మ.

వెంకటన్న తల గోక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నువ్వే వద్దంటివి గదా ఉస్తాద్."

"నేనా? ఎప్పుడు?"

"నా పాత జీపు ఉండె గదా. పదేండ్ల కింద. వానలకు హ్యాండ్ బ్రేకు వైరు తుప్పు పట్టి ఇరుక్కుంటె ఊరి బయట నుంచి తోసుకుంట నీ షెడ్డుకు తెచ్చిన. నువ్వు రెండు గంటలు దాని కింద పండుకుని, లేచి, నా మీదకు ఒర్లినవ్. 'చస్తే దీన్ని ముట్టకు. రాయి పెట్టుకో. రాయికి తుప్పు పట్టదు' అన్నవ్. అని నీ షెడ్డుల రాయే తీసి నా చేతిల పెట్టినవ్." రాయి వైపు చెయ్యి చూపించాడు. "గిదే. ఆ దినం నుంచి ముట్టలేదు. నీ మాట జవదాటలే."

వహాబ్ వంగి చూశాడు. ఎర్రచుక్క. జాకీ ఎత్తేటప్పుడు చక్రాలకు ఆనించే షెడ్డు రాళ్ళు ఎవరూ ఎత్తుకుపోకుండా ఒకప్పుడు తనే పెట్టిన గుర్తు. చుక్క చెరగలేదు. మాట కూడా చెరగలేదు. తను మాత్రం రెండూ మరిచిపోయాడు.

"అది జీపురా!" అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి. "దాని హ్యాండ్ బ్రేకు తీరు వేరే. దానికి వెనక షూలతోని సంబంధమే లేదు. ఇది కారు."

"నువ్వు జీపు అనలేదు ఉస్తాద్. హ్యాండ్ బ్రేకు అన్నవ్."

"బండి మారినప్పుడు అడగాలె గదా!"

"బండి మారినప్పుడు నువ్వు చెప్పాలె గదా! స్టాండుల అందరికి నేనే చెప్పిన. వహాబ్ సాబ్ మాట, హ్యాండ్ బ్రేకు ముట్టొద్దని. ఇప్పుడు దేవదాసు బండిల గూడ రాయే, లింగయ్య బండిల గూడ రాయే."

"ఊరందరికి శకునం చెప్పే బల్లి పోయి కుడితిల పడ్డదంట," అని ఈరమ్మ నది వైపు చూస్తూ అంది, ఎవరినీ అననట్టు.

వహాబ్ అక్కడే రాయి పక్కన కూలబడ్డాడు. కోపం ఎటు పోవాలో దారి దొరక్క అతని చుట్టే తిరిగింది. తిట్టడానికి మనిషి కావాలి. ఎదురుగా ఉన్నవాడు పదేళ్ళు తన మాట తప్పకుండా పాటించినవాడు. అట్లాంటివాణ్ణి తిట్టడం తననే తిట్టుకోవడం. కానీ ఆ కోపం కింద, రాయి కింద చల్లదనంలా, ఒక సంగతి మెల్లగా తగిలింది. చెయ్యి జారలేదు. జారింది నోరు. అయితే అది నోటితో తేలేది కాదు, చూపించాల్సింది.

లేచి దుప్పటి విప్పాడు. దిండు ఈరమ్మ చేతికిచ్చాడు. "ఎక్కు. కాలు బ్రేకు మీద పెట్టి హ్యాండ్ బ్రేకు గుంజు. పూర్తిగ గుంజు."

వెంకటన్న ఎక్కి, పాము తోక పట్టుకున్నట్టు పట్టుకుని గుంజాడు. లోపల టిక్కుమంది.

వహాబ్ కారు వెనక్కి పోయి రాయి తీసి పక్కన పడేశాడు. రాయికి బదులు తను బంపరు వెనక నిలబడ్డాడు, వీపు నదికి పెట్టి.

"ఇగ కాలు తియ్యి."

"ఉస్తాద్, పక్కకు జరుగు!"

"జరగ. కాలు తియ్యి."

"నువ్వు జరిగితేనే తీస్త!"

"నువ్వు తీస్తేనే జరుగుత! నిన్న నేను బిగించిన బ్రేకు ఇది. దీని మీద నాకు నమ్మకం లేకుంటే ఇయ్యాల్నే షట్టరు దించుత. తియ్యి!"

"వద్దు సాబూ, మీ బీబమ్మకు మేమేం జవాబు చెప్పాలె!" అని ఈరమ్మ దిండు గుండెలకు హత్తుకుంది.

వెంకటన్న కళ్ళు మూసుకుని ఉంటాడు. వెనక నుంచి వహాబ్‌కు కనిపించలేదు. కారు బరువు వదిలినట్టు ఒక్కసారి ఊగింది. బెత్తెడు వెనక్కి వచ్చింది. బంపరు వహాబ్ మోకాలికి తగిలింది. అక్కడే ఆగిపోయింది. వహాబ్ పది లెక్కపెట్టాడు. కదలలేదు. ఇరవై లెక్కపెట్టాడు. కింద కృష్ణ పారుతోంది, పైన గుడి గంట మోగుతోంది, నడుమ కారు నిలబడి ఉంది.

పక్కకు జరిగి, మోకాలిని రుద్దుకున్నాడు. "చూసినవా?"

"చూసిన ఉస్తాద్," అన్నాడు వెంకటన్న దిగి, చెమట తుడుచుకుంటూ. అని, పక్కనున్న రాయి ఎత్తి తెచ్చి మళ్ళీ చక్రం కింద పెట్టాడు.

"మల్ల ఎందుకురా?"

"ఏమో ఉస్తాద్. అలవాటు."

వహాబ్ ఆ రాయిని లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుని, గద్వాల దాకా పోయి, తిరిగి నాగర్‌కర్నూల్ దాకా అట్లాగే కూర్చుని వచ్చాడు.

*

స్టాండులో దిగగానే ఇంటికి పోవచ్చు. వెంకటన్న కూడా అదే అన్నాడు: "మనిద్దరి నడుమనే ఉండనీ ఉస్తాద్. నేను మెల్లగ అందరికి చెప్త." వహాబ్ వినలేదు. రాయి చంకలో పెట్టుకుని డ్రైవర్ల నడుమకు పోయి నిలబడ్డాడు. పేరు కాపాడుకోవడానికి నిజంలో సగం దాచుకుంటే, ఆ దాచిన సగంతో ఎవడో ఒకడు ఘాట్ రోడ్డులో లోయలో పడతాడు.

"వినుర్రి. హ్యాండ్ బ్రేకు ముట్టొద్దని నా పేరు మీద తిరుగుతున్న మాట జీపుకు చెప్పింది. కార్లకు గాదు. అప్పుడు సరిగ చెప్పకపోవుడు నా తప్పు. ఇయ్యాల్టి నుంచి ప్రతి ఒక్కడు ఆపినప్పుడల్ల గుంజాలె. గుంజనోని బండి నా షెడ్డుకు తేవద్దు."

దేవదాసు వదులుతాడా? "అంటే సాబ్, పదేండ్లు మాతోని ఉత్తగనే రాళ్ళు మోయిస్తివి?"

"మోయించిన. ఇగ దించుర్రి."

"నీ చెయ్యి జారిందంటిమి, జారింది నోరయితే ఏమనాలె?"

"బ్రేకుల వహాబ్ అనే అనాలె," అన్నాడు వహాబ్. "నోటి వహాబ్ అని ఎవడు పేరు పెట్టిండురా నాకు?"

ఈసారి నవ్వినవాళ్ళలో వహాబ్ కూడా ఉన్నాడో లేదో సరిగా కనిపించలేదు. అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.

ఆ తర్వాత నెలన్నర వెంకటన్న బ్రేకు సంగతే ఎత్తలేదు. షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా కావాలని గీత దగ్గర బ్రేకు తొక్కి, ఇవతలే నిలబెట్టి, హారన్ కొట్టి పోయేవాడు. వహాబ్ తల ఎత్తేవాడు కాదు. విసుగు నటించేవాడు. షట్టరు దించే మాట మాత్రం ఇంట్లో మళ్ళీ రాలేదు. కుల్సుమ్‌బీ ఒకసారి కావాలనే అడిగితే "ఏ షట్టరు?" అన్నాడు.

నెలన్నర దాటాక ఒక మధ్యాహ్నం వెంకటన్న కారు మళ్ళీ వచ్చింది. ఈసారి గీతకు పదడుగుల ముందే ఆగింది. బ్రేకు తొక్కకుండానే ఆగింది. వెనక రెండు చక్రాల్లోంచి తెల్లటి పొగ లేస్తోంది. మాడిన లైనరు వాసన సిమెంటు దుకాణం దాకా కొట్టింది.

"ఉస్తాద్! బండి గుంజుతలేదు! పొగ వస్తున్నది!"

వహాబ్ పరుగెత్తి వచ్చి కిటికీలోంచి లోపలికి చూశాడు. హ్యాండ్ బ్రేకు ఆకాశం వైపు నిక్కి నిలబడి ఉంది.

"ఇది ఎప్పటి నుంచి గుంజి ఉన్నదిరా?"

"బిజినేపల్లిల ఛాయ్‌కి ఆపినప్పుడు గుంజిన."

"బిజినేపల్లి నుంచి గిట్లనే నడుపుకుంట వచ్చినవా?"

"గుంజుమన్నవ్, గుంజిన," అన్నాడు వెంకటన్న, ఈసారి నిజంగానే నొచ్చుకుని. "దించుమని చెప్పలేదు గదా ఉస్తాద్!"

వహాబ్ ఆకాశం వైపు చూశాడు. అటు నుంచీ ఏ సాయమూ రాలేదు. డ్రమ్ములు చల్లబడేదాకా ఆగి, జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, కొయ్య సుత్తితో తట్టి డ్రమ్ము లాగాడు. లైనర్లు బొగ్గులా నల్లగా మాడిపోయాయి. కొత్త షూలు వేయక తప్పదు. తిడుతూ తిడుతూ తడిగుడ్డతో తుడుస్తుంటే, అడ్జస్టర్ మీద తెల్లరంగు చుక్క కనిపించింది. తను పెట్టినచోట లేదు. కళ్ళద్దాలు పైకి తోసుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. తొమ్మిది పండ్లు జరిగింది.

"ఏంది ఉస్తాద్, ఖరాబయిందా?" అని వెంకటన్న భయంభయంగా వంగాడు.

"అయింది," అన్నాడు వహాబ్. "మొత్తం ఖరాబయింది. నీ బుర్ర. లే, అడ్డం జరుగు. ఈ తాప రెండు మాటలు చెప్త, రెండూ యాది పెట్టుకో. గుంజు. దించు. గుంజు. దించు. ఏం చెప్పిన?"

"గుంజు. దించు."

"బండి మారితే?"

వెంకటన్న మాడిన లైనరు వైపు చూశాడు. "నిన్ను అడగాలె."

"షాబాష్," అన్నాడు వహాబ్. ముందు చక్రానికి పెట్టిన చెక్క బరువుకో, కాలం చెల్లో నిలువునా చీలి ఉంది. షెడ్డు మూల నుంచి ఎర్రచుక్క ఉన్న నల్లరాయిని తెచ్చి దాని బదులు ఆనించి, రెండో పక్క జాకీ ఎత్తడం మొదలుపెట్టాడు.